ఒకటిన్నరకి తిరిగే మోటారు

గుల్లలంక, దివిసీమ
ఏప్రిల్ 28

చిరంజీవి ప్రసన్నలక్ష్మికి మావయ్య ఆశీస్సులు.

మేమిద్దరం బాగున్నాం. ఉత్తరం చూసి కంగారు పడకు. ఫోను చెయ్యొచ్చు. కానీ మా ఊళ్ళో సిగ్నల్ అందేది వాటర్ ట్యాంకు మెట్ల మీదే. అక్కడ మాట్లాడితే ఊరు మొత్తం వింటుంది. ఎవరు వినకూడదో వాళ్ళ ఇల్లు ఆ ట్యాంకు వెనకే ఉంది. పైగా ఫోనులో నాకు మాట తిన్నగా రాదు, నీకు తెలుసు.

సంగతి ఇది. ఈ నెల పన్నెండున కాలువ కట్టేశారు. మళ్ళీ నీళ్ళు వదిలేది జూన్‌లోనే. అప్పటిదాకా మంచినీళ్ళ చెరువులో ఉన్నవే ఊరికి దిక్కు. ఇక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయని నీకు చెప్పక్కర్లేదు. చెరువులో నేనొక సరుగుడు కర్ర పాతి, బెత్తెడుకో గాటు పెట్టాను. చెరువు నీళ్ళు ట్యాంకుకి ఎక్కించే ఈ మోటారుని ఇరవై ఆరేళ్ళుగా నడుపుతున్నాను. ఎండాకాలంలో మూడు రోజులకి ఒక గాటు దిగుతుంది. ఈ ఏడు రెండు రోజులకే దిగుతోంది.

నువ్వు ప్రోగ్రాం రాసిన పెట్టెని మార్చిలో మోటారు షెడ్డులో బిగించారు కదా. పొద్దున ఆరింటికి పచ్చ బటన్ నొక్కుతున్నాను. గంట తిరిగి అదే ఆగుతోంది. పన్నెండింటికి రెండో విడత అదే మొదలై, ఒంటిగంటకి అదే ఆగుతోంది. ఈ రెండు గంటలకే ఇన్ని నీళ్ళు దిగవు. ఎవరో మూడో విడత తోడుతున్నారు.

నాకు హనోకు మీద అనుమానం. ట్యాంకు వెనక ఇల్లు వాడిదే. పగలు బందరు వెళ్ళి గిలకలదిండి రేవులో వలలు బాగుచేసి సాయంత్రం వస్తాడు. ఊళ్ళో అందరి పెరళ్ళూ ఎండి పగుళ్ళు తేలాయి. వాడి పెరట్లో తోటకూర మోకాలెత్తున ఉంది. రెండు అరటిపిలకలు కొత్త ఆకు వేశాయి. మీ అత్త కూడా చూసింది. ఆ తోటకూర మనింటికీ ఒక కట్ట వచ్చుంటే మీకింత అనుమానం ఉండేది కాదు అంది. దాని మాటలకేం.

పెట్టె బిగించిన రోజు నిచ్చెన పట్టుకుంది హనోకే. మూత తీసి ఉండగా ఫోనుతో ఫొటో కూడా తీశాడు. షెడ్డు తాళంచెవి నా మొలతాడుకి ఉంటుంది. తాళం తీయకుండా మోటారు తిప్పాలంటే ఒకటే దారి. ఆ పెట్టెని ఫోనుతో నడపొచ్చా? అది చెప్పు చాలు.

జవాబు ఉత్తరంలోనే రాయి.

మావయ్య
వీరాంజనేయులు


గుడివాడ
మే 4

మావయ్యకి నమస్కారాలు.

మీ ఉత్తరం మా షాపు అడ్రసుకి వచ్చింది. పోస్టుమ్యాన్ దాన్ని మా ఓనరు దుర్గాశ్రీనివాస్ గారి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. చేత్తో రాసిన ఉత్తరం చూసి ఆయన ఏదో కోర్టు నోటీసనుకున్నారు. ఈసారి ఇంటి అడ్రసుకి రాయండి.

మీరడిగినదానికి జవాబు: నడపలేరు. పెట్టెలో సిమ్ కార్డు ఉంది కానీ అది మా కంప్యూటరుకి కబుర్లు పంపడానికే. బటన్ ఎప్పుడు నొక్కారు, కరెంటు ఎప్పుడు పోయింది, అలాంటివి. పెట్టె చెబుతుంది. బయటనుంచి ఎవరు చెప్పినా వినదు. అలాగే రాశాను. హనోకు గారు వంద ఫొటోలు తీసుకున్నా మోటారు తిప్పలేరు.

చెరువు ఎండకి ఆవిరవుతుండొచ్చు. ఈ ఏడు ఎండలు ముందే మొదలయ్యాయి. గట్టుకి ఎక్కడైనా ఎండ్రకాయ బొరియ ఉందేమో కూడా చూడండి. తోటకూర సంగతికొస్తే, హనోకు గారి భార్య మాణిక్యం గారు అంట్లు కడిగిన నీళ్ళు పోస్తుండొచ్చు. మనిషి మంచిది. నేను వచ్చినప్పుడు బస్సుదాకా సంచి మోసుకొచ్చింది.

ఊరికే అడుగుతున్నాను. ఆరింటికి బటన్ నొక్కాక మీ పనేమిటి? ఏడున్నర ప్రాంతంలో రోజూ ఎక్కడ ఉంటారు?

అత్తయ్యని అడిగానని చెప్పండి.

మీ
ప్రసన్నలక్ష్మి


గుల్లలంక
మే 9

చిరంజీవి ప్రసన్నలక్ష్మికి,

ఏడున్నరకి ఇంట్లో కాఫీ తాగుతుంటాను. ఎందుకు అడిగావో తెలియదు.

గట్టు అంతా చూశాను. బొరియలు లేవు. అంట్లు కడిగిన నీళ్ళకి అరటి అలా పెరగదు. నేను పల్లెటూరివాణ్ణి. నాకు తెలియంది చెప్పు, తెలిసింది చెప్పకు.

ఇంకొక సంగతి. మొన్న మోపిదేవి వెళ్తుంటే ప్రెసిడెంటు గారు బండి ఆపి ఎక్కించుకున్నారు. చెరువు ఎలా ఉందన్నారు. అప్పుడు నోరు జారాను. హనోకు పెరడు ఒకసారి చూడండి అన్నాను. అంతే. ఇంకేమీ అనలేదు. ఆయన ఇద్దరు మెంబర్లని వెంటబెట్టుకుని వెళ్ళి చూశారు. మట్టి చేత్తో తీసి చూశారట, పిడికిట్లో ముద్దయిందట. గొట్టానికి దొంగ కనెక్షన్ ఇచ్చుకున్నావు, ఎక్కడో చూపించమన్నారు. హనోకు తెలియదన్నాడు. మాణిక్యం ట్యాంకే కారుతోంది, దేవుడిచ్చిన నీళ్ళు, మేమేం తీయలేదంది. పన్నెండింటి విడత అయ్యాక ట్యాంకు నిండుతుంది తప్ప పొంగదు. నేను మెట్లెక్కి చూశాను. కాబట్టి ఆవిడ మాట అబద్ధం.

మే 25 లోపల నిజం చెప్పకపోతే వాళ్ళ ఇంటి కుళాయి పీకేస్తామని పంచాయతీలో రాసుకున్నారు. నేను అంతదాకా కోరలేదు. అలాగని వద్దని కూడా అనలేదు.

హనోకు నన్ను బాబాయ్ అంటాడు. నిన్న బస్సు దిగి నా ముందునుంచే వెళ్ళాడు, పలకరించలేదు. నేనే ప్రెసిడెంటుకి చెప్పానని తెలిసినట్టుంది.

నువ్వు మాణిక్యం మంచిదని ఎందుకు రాశావో అర్థం కాలేదు. పెట్టె సంగతులు తెలిసింది నీకొక్కదానికే. నీ నంబరు వాళ్ళ దగ్గర ఉందా? బస్సుదాకా సంచి మోసిన రోజున ఏమైనా అడిగారా? ఉన్నదున్నట్టు రాయి.

మావయ్య


గుడివాడ
మే 14

మావయ్యకి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి అమ్మకి చదివి వినిపించాను. అమ్మ, మా అన్నయ్య ఇలా రాశాడా అని కాయితం తిప్పి చేతిరాత చూసింది.

నా నంబరు మాణిక్యం గారి దగ్గర లేదు. ఆవిడ నన్నడిగింది ఒకటే, గుడివాడలో చలికాలం దుప్పట్లు చవగ్గా దొరుకుతాయా అని.

ఉన్నదున్నట్టు రాయమన్నారు. రాస్తాను. పోయిన ఉత్తరంలో ఒక సంగతి దాచాను. పెట్టె మా కంప్యూటరుకి పంపిన వివరాలు అప్పటికే చూశాను. అందులో మోటారు ఎంతసేపు తిరిగిందో ఉండదు, ఎవరైనా బటన్ నొక్కితే మాత్రం పడుతుంది. రోజూ పొద్దున ఆరింటికి పచ్చ బటన్. అది మీరు. మళ్ళీ ఏడున్నరకి పచ్చ బటన్. పది సెకన్లకి ఎర్ర బటన్. మార్చి నెలాఖరునుంచి ఒక్క రోజు కూడా తప్పలేదు.

తాళంచెవి మీ మొలతాడుకే ఉందన్నారు. కాఫీ తాగుతుంటానన్నారు.

దుర్గాశ్రీనివాస్ గారు ఆ వివరాలున్న పేజీ చూసి నవ్వారు. "పాత ఆపరేటర్లంతా ఇంతే అమ్మా. పెట్టె వస్తే తమ పని పోతుందని, పెట్టె మంచిది కాదనిపించడానికి ఏదో ఒకటి కెలుకుతారు" అన్నారు. మా మావయ్య అలాంటివారు కాదన్నాను. అన్నాక నా బల్ల దగ్గరికొచ్చి ఆ పేజీ మళ్ళీ చూశాను. అంటే నేను కూడా అనుమానించినట్టే కదా. ఇది రాయకపోతే ఉన్నదున్నట్టు రాసినట్టు కాదు.

ఏడున్నరకి షెడ్డులో ఏం చేస్తున్నారు? తాళంచెవి ఎవరికైనా ఇస్తున్నారా? ఎవరినైనా కాపాడుతున్నారా? ఒక ఇంటికి మంచినీళ్ళు ఆగిపోబోతున్నాయి. మీరు చెప్పకపోతే ఈ పేజీ ప్రెసిడెంటు గారికి పంపమని మా ఓనరు అంటున్నారు. నేను ఆపుతున్నాను.

ప్రసన్నలక్ష్మి


గుల్లలంక
మే 18

ప్రసన్నలక్ష్మికి,

మీ అమ్మకి చెప్పు. చేతిరాత నాదే. తప్పు కూడా నాదే.

ఏడున్నరకి నేను షెడ్డులోనే ఉంటాను. కాఫీ ఆ తర్వాత. అబద్ధం రాశాను. పెట్టె బిగించిన రోజు మీ ఓనరు అందరి ముందూ నాతో, రోజుకి ఒక్కసారే నొక్కాలి తాతా, ఊరికే ముట్టుకోకు అన్నారు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. సరేనన్నాను. ముట్టుకుంటున్నానని చెప్పడానికి సిగ్గేసింది.

నేను చేసేది ఇది. నాకీ పని నేర్పినాయన ఒక మాట చెప్పాడు. షెడ్డు మూసి ఇంటికెళ్ళే ముందు ఒకసారి మోటారు గొంతు విని వెళ్ళు అన్నాడు. పది లెక్కపెట్టేదాకా తిప్పి ఆపాలి. బేరింగు అరిగినా, మూడు ఫేజుల్లో ఒకటి పోయినా ఆ పది లెక్కలో వినబడుతుంది. పొద్దున్నే వింటే ఆ రోజే అవనిగడ్డ తీసుకెళ్ళి బాగుచేయించొచ్చు. మర్నాడు ఆరింటికి తెలిస్తే ఊరు బిందెలు పట్టుకుని నిలబడుతుంది. ఇరవై ఆరేళ్ళూ విన్నాను. పెట్టె వచ్చింది కదా అని చెవులు మూసుకోలేను. పచ్చది నొక్కి, పది లెక్కపెట్టి, ఎర్రది నొక్కి, తాళం వేసి వస్తున్నాను. దానికీ చెరువుకీ ఏం సంబంధం?

నీ ఉత్తరం వచ్చాక నిద్ర మానేశాను. అంటే మధ్యాహ్నం నిద్ర. రోజూ ఒంటిగంటకి అన్నం తిని నాలుగింటిదాకా పడుకుంటాను. ఈ ఎండల్లో ఊరంతా అంతే. నిన్న పడుకోకుండా ట్యాంకు కింద కూర్చున్నాను. ఒకటిన్నర దాటాక ట్యాంకు పొంగి, పైనున్న గొట్టంలోంచి నీళ్ళు దూకాయి. సరిగ్గా హనోకు పెరట్లో పడుతున్నాయి. మాణిక్యం వచ్చి బిందె పట్టింది. నన్ను చూసి బిందె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ చెప్పింది నిజమే.

చెరువు దగ్గరికి ఉరికాను. షెడ్డుకి నేను వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల మోటారు తిరుగుతోంది. చుట్టుపక్కల మనిషి లేడు. హనోకు గిలకలదిండిలో ఉన్నాడు. పొద్దున బస్సెక్కడం నేనే చూశాను. తాళం తీసి ఎర్రది నొక్కి, అక్కడే చాలాసేపు కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే పెట్టెకి దయ్యం పట్టిందంటారు, లేకపోతే నేనే తిప్పానంటారు.

ఆ మోటారుని ఎవరు తిప్పుతున్నారు?

మావయ్య


గుడివాడ
మే 21

మావయ్యకి నమస్కారాలు.

నేనే తిప్పుతున్నాను. తెలియక. పది లెక్కపెట్టి ఆపుతానని మీరు రాసిన ముక్క దగ్గర ఆగిపోయి, ప్రోగ్రాం తెరిచి చూశాను. రెండు నిమిషాల్లో దొరికింది. రెండు నెలలుగా చూడలేదు.

మేం ప్రోగ్రాం రాసేటప్పుడు ప్రతి వస్తువునీ ఒక మనిషిలా రాస్తాం. మోటారు ఒక మనిషి. వాడికి తెలిసినవి రెండు పనులు, తిరగడం, ఆగడం. టైమర్ ఇంకో మనిషి. వాడికి సొంత తెలివి లేదు. ఇంతసేపయ్యాక ఫలానావాణ్ణి పిలిచి ఫలానా పని చెయ్యమను అని చీటీ ఇస్తే, ఆ సమయానికి పిలుస్తాడు. అప్పటికి ఊళ్ళో ఏం జరుగుతోందో వాడికి పట్టదు.

మీరు పచ్చ బటన్ నొక్కగానే మోటారు తిరుగుతుంది, టైమర్‌కి రెండు చీటీలు వెళ్తాయి. ఒకటి, గంట తర్వాత ఆగమను. రెండోది, ఆరు గంటల తర్వాత మళ్ళీ తిరగమను, అదీ ఒక గంట. ఆరింటికి నొక్కితే పన్నెండింటి విడత అలా వస్తుంది. మీరు ఏడున్నరకి గొంతు వినడానికి నొక్కుతారు. అప్పుడూ రెండు చీటీలు వెళ్తాయి. పది లెక్కపెట్టి ఎర్రది నొక్కుతారు. మోటారు ఆగుతుంది. చీటీలు మాత్రం టైమర్ దగ్గరే ఉంటాయి. ఏడున్నరకి ఆరు గంటలు కలపండి. ఒకటిన్నర.

చీటీ తీసుకున్నప్పుడల్లా టైమర్ మనకొక నంబరు ఇస్తాడు. ఆ నంబరు చూపిస్తేనే చీటీ వెనక్కి ఇస్తాడు. నేను ఆ నంబరు ఎక్కడా దాచుకోలేదు. ఎర్ర బటన్‌కి మోటారుని ఆపమని ఒక్క ముక్క రాసి సరిపెట్టాను. పచ్చది నొక్కిన మనిషి వెంటనే ఎర్రది ఎందుకు నొక్కుతాడని అనుకున్నాను. వారం రోజులు మీ షెడ్డులో కూర్చుని మీరు పని ఎలా చేస్తారో చూసి రాయమన్నారు దుర్గాశ్రీనివాస్ గారు. మా మావయ్య పని నాకు చిన్నప్పటినుంచీ తెలుసన్నాను. మోటారు గొంతు వింటారని మాత్రం తెలియదు.

చెరువు నిండుగా ఉన్నన్నాళ్ళు ఈ మూడో విడత ఎవరికీ కనబడలేదు. కాలువ కట్టేశాక మీ కర్ర కనిపెట్టింది.

ఒక్కసారి నొక్కమంటే వినలేదని ఎవరైనా అంటే నా పేరు చెప్పండి. జూన్ ఎనిమిదో తేదీ ఆదివారం పామర్రు మీదుగా వచ్చి పెట్టె సరిచేస్తాను. అంతదాకా గొంతు వినకండి. మాటలతో నమ్మకపోతే ప్రెసిడెంటు గారిని తీసుకెళ్ళి చూపించండి. ఏడున్నరకి నొక్కి, ఆపి, తాళం వేసి, ఒకటిన్నరదాకా వాళ్ళని అక్కడే కూర్చోబెట్టండి.

ఏం చేసినా ఇరవై ఐదు లోపలే చేయండి. పంచాయతీ వాళ్ళు రాసుకున్న ఆ తేదీని వెనక్కి తీసుకోమని మీరు అడగాలి. మీరు ఊరుకున్నంత మాత్రాన అది ఆగదు.

మీ
ప్రసన్నలక్ష్మి


గుల్లలంక
మే 25
(పోస్టుకార్డు)

ప్రసన్నలక్ష్మికి. నీ ఉత్తరం నిన్న పొద్దున అందింది. అర్థమైంది. ఇవాళ పదింటికి హనోకు ఇంటి కుళాయి తీసేశారు. మిగతాది తర్వాత రాస్తాను. మావయ్య.


గుడివాడ
మే 28

మావయ్యా,

నిన్న పొద్దున అందిందన్నారు. ఇవాళ తీసేశారన్నారు. మధ్యలో ఒక పగలు ఉంది. ఆ పగలు ఏం చేశారు?

ప్రసన్నలక్ష్మి


గుల్లలంక
జూన్ 2

చిరంజీవి ప్రసన్నలక్ష్మికి మావయ్య ఆశీస్సులు.

నీ ప్రశ్నకి జవాబు. ఆ పగలు నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ప్రెసిడెంటు గారి ఇంటిదాకా రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఆయన భోంచేస్తున్నారు. రెండోసారి అరుగు మీద పదిమంది ఉన్నారు. తిరిగొచ్చాను. మర్నాడు ఫిట్టరు కుళాయి విప్పుతుంటే చూస్తూ నిలబడ్డాను. మాణిక్యం అడ్డం రాలేదు. విప్పిన కుళాయి అడిగి తీసుకుని కొంగులో కట్టుకుంది.

ఆ సాయంత్రం అన్నం తినకుండానే కంచం ముందునుంచి లేచాను. మీ అత్త జేబులోంచి నీ ఉత్తరం తీసి చదివింది. దాని నోట మాట రాకపోవడం నేను చూడటం అదే మొదలు.

ఇరవై ఆరున ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్ళాను. మర్నాడు షెడ్డు దగ్గరికి రమ్మన్నాను, అంతే. హనోకు ఇంటికి కూడా వెళ్ళాను. గుమ్మంలో నిలబడి, రేపు పనికెళ్ళకు, ఏడింటికి చెరువు దగ్గరికి రా అన్నాను. వాడు వల చిక్కు తీస్తున్నాడు. తలెత్తలేదు. కానీ వచ్చాడు.

అందరూ చూస్తుండగా ఏడున్నరకి పచ్చది నొక్కాను. పది లెక్కపెట్టి ఎర్రది నొక్కాను. తాళం వేసి తాళంచెవి హనోకు చేతిలో పెట్టాను. పన్నెండింటికి తిరిగి ఒంటిగంటకి ఆగింది. అది అందరికీ తెలిసిందే. అన్నాలకి వెళ్ళొస్తామంటే వద్దన్నాను. మీ అత్త మజ్జిగ తెచ్చింది. ఒకటిన్నరకి తాళం వేసిన షెడ్డులో మోటారు మొదలైంది. ఒక మెంబరు గ్లాసు వదిలేసి గట్టెక్కాడు.

నీ ఉత్తరంలో ఉన్నది నాకు చేతనైనట్టు చెప్పాను. చీటీల సంగతి అందరికీ అర్థమైంది. ప్రెసిడెంటు గారు నవ్వి, అయితే తప్పంతా గుడివాడ వాళ్ళ పెట్టెదన్నమాట, నీదేం లేదు అంజయ్యా అన్నారు. అందరూ లేచారు. నేను కూడా లేవొచ్చు.

లేవలేదు. "పదిహేడో తేదీనే నేను చూశాను. హనోకు కాదని ఆ రోజే తెలుసు" అన్నాను.

 మోటారు తిరుగుతూనే ఉంది. హనోకు తాళంచెవి నా చేతిలో పెట్టి, "పెట్టెకి తెలియదు బాబాయ్. నీకు తెలుసుగా" అన్నాడు. అని బందరు బస్సుకి వెళ్ళిపోయాడు. ఆ పూట పనికి ఎలాగూ ఆలస్యమైంది. అయినా వెళ్ళాడు.

కుళాయి మళ్ళీ బిగించాలంటే పంచాయతీ తీర్మానం కావాలట. తొమ్మిదో తేదీ సోమవారం కూర్చుంటారట. నన్ను ఈ పనిలో ఉంచుతారో లేదో కూడా అప్పుడే తేలుతుంది. చెరువులో ఇంకా ఏడు గాట్లు ఉన్నాయి. మూడు రోజులకొకటి చొప్పున దిగితే కాలువ వచ్చేదాకా సరిపోతాయి. నీ మాట ప్రకారం గొంతు వినడం మానేశాను. షెడ్డు మూసి వస్తుంటే పని సగంలో వదిలేసినట్టుంది. ఆదివారం వచ్చి, ఎర్రది నొక్కితే చీటీలన్నీ వెనక్కి వచ్చేలా రాయి. నేను వినకుండా ఉండలేను.

మొన్నటినుంచి పొద్దున్నే మా కుళాయి దగ్గర రెండు బిందెలు నింపి హనోకు ఇంటికి మోసుకెళ్తున్నాను. ఊరు చూస్తోంది, చూడనీ. మొదటి రోజు గుమ్మంలో దించాను. మాణిక్యం బయటికొచ్చి, నేను చూస్తుండగానే రెండూ తోటకూర మడిలో పోసి, ఖాళీ బిందెలు నా కాళ్ళ దగ్గర పెట్టింది. రెండో రోజు అరటిపిలకలకి పోసింది. ఖాళీ బిందెలు తీసుకుని వచ్చాను. 

ఇవాళ వెళ్ళేసరికి ఆవిడ బయటికి రాలేదు. గడప ముందు వాళ్ళ బిందె పెట్టి ఉంది. చింతపండుతో తోమినట్టుంది, మెరుస్తోంది. లోపల చుక్క నీళ్ళు లేవు. నా బిందెల్లోవి అందులోకి వంపి వచ్చాను.

మావయ్య
వీరాంజనేయులు